వ్యాన్‌లో మూడు వారాలు: బట్టలు చేత్తో ఉతకడం, ఆరబెట్టడం ఎలా? (విజయనగరం – ఇచ్ఛాపురం – సాలూరు)

చంపావతి_వ్యాన్:

అందరికీ నమస్కారం. కార్తీక మాసంలో మూడు వారాలు వ్యాన్‌లోనే ఉండి తిరగాలనుకుంటున్నాం. విజయనగరంలో బయల్దేరి భోగాపురం, చింతపల్లి తీరం, శ్రీకాకుళం, కళింగపట్నం, భావనపాడు, బారువ మీదుగా ఇచ్ఛాపురం. తిరుగు దారి పాతపట్నం, పాలకొండ, పార్వతీపురం, సాలూరు. బండి టాటా వింగర్, వెనక పడుకోడానికి మంచం వేయించాం. నేనూ, మా ఆయనా, ఎనిమిదేళ్ల పాపా.

నీళ్ల ట్యాంకు 60 లీటర్లు. వంటా గిన్నెలూ పోను బట్టలకి రోజుకి 15 లీటర్లు ఇవ్వగలం. ఆ నీళ్లతో ముగ్గురి బట్టలు అవుతాయా? మూత ఉన్న డ్రమ్ములో బట్టలూ సబ్బునీళ్లూ వేసి బండి నడిపితే కుదుపులకి వాటంతట అవే ఉతుకుడు పడతాయంటున్నారు, అది నిజమేనా? ఏ సబ్బు వాడాలి? సముద్రం నీళ్లు, ఏటి నీళ్లు పనికొస్తాయా? అన్నిటికంటే నా భయం ఆరబెట్టడం గురించి. రాత్రి వ్యాన్‌లో తడిబట్టలు కడితే తెల్లారేసరికి మగ్గిన వాసన వస్తుందని విన్నాను.

వారానికోసారి లాడ్జిలో దిగమనే సలహా తప్ప ఏదైనా చెప్పండి.


గంట్యాడ_గేరు:

15 లీటర్లు చాలు. రోజూ ఉతికితే 13తో అయిపోతుంది. మూడు రోజులవి పోగేస్తేనే చిక్కు. నీళ్లు ఎలాగోలా దొరుకుతాయి గానీ అన్ని బట్టలు ఆరేయడానికి చోటు దొరకదు.

ముగ్గురి ఒకరోజు బట్టలు, అంటే పైబట్టలు, లోదుస్తులు, పాప గౌను, ఒక తుండు కలిపి పొడిగా తూస్తే కిలో, కిలోంబావు ఉంటాయి. ఉతకడానికి 5 లీటర్లు, జాడించడానికి 4, రెండోసారి జాడించడానికి ఇంకో 4. ఉతకడానికి ఎక్కువ పడతాయనుకుంటాం గానీ నిజానికి నీళ్లు జాడింపుకే పోతాయి. దాన్ని తగ్గించే దారి ఒక్కటే: జాడింపుకీ జాడింపుకీ మధ్య గట్టిగా పిండటం.

లెక్క చూడండి. ఉతికాక బాగా పిండితే ఆ బట్టల్లో లీటరు సబ్బునీళ్లు మిగిలాయనుకుందాం. 4 లీటర్ల మంచినీళ్లు పోసి జాడిస్తే సబ్బు ఐదో వంతుకి దిగుతుంది. మళ్లీ పిండి మళ్లీ 4 లీటర్లు పోస్తే 25లో 1 వంతు. అదే 8 లీటర్లూ ఒకేసారి పోసి జాడిస్తే 9లో 1 వంతు దగ్గరే ఆగిపోతుంది. పిండకుండా రెండు లీటర్లు బట్టల్లోనే వదిలేస్తే, రెండుసార్లు జాడించినా అదే 9లో 1 వంతు. చేతి బలం పెట్టిన చోట నీళ్లు మిగులుతాయి. రెండోసారి జాడించిన నీళ్లని మూత ఉన్న క్యానులో పోసి మర్నాడు ఉతకడానికి వాడుకోండి. అంతకంటే ఎక్కువ నిలవుంచితే ఈ ఉక్కకి కంపు కొడతాయి.

సబ్బు విషయంలో చాలామంది ఎక్కువ వేసి ఆ తర్వాత నీళ్ల కోసం బాధపడతారు. నురగ ఎక్కువొచ్చే చేతి ఉతుకుడు పొడులు వద్దు. ముందు నుంచి తలుపు తెరిచే వాషింగ్ మెషిన్ కోసం అమ్మే లిక్విడ్ తీసుకోండి. నురగ తక్కువ రావాలనే దాన్ని అలా తయారు చేస్తారు, తొందరగా వదులుతుంది. 5 లీటర్ల నీళ్లకి 10 మిల్లీలీటర్లు, అంటే రెండు టీ చెంచాలు. మెడపట్టీలకి, చంకలకి, పాప మోకాళ్ల దగ్గరకి మాత్రం బట్టల సబ్బు బిళ్ల తడిపి రుద్దండి. అలా రుద్దిన రోజు లిక్విడ్ ఒక చెంచా చాలు.

నానబెట్టడం 20 నుంచి 30 నిమిషాలు. రాత్రంతా నానితే మురికి బాగా వదులుతుందనుకోవద్దు. వదిలిన మురికే మళ్లీ బట్టకి పడుతుంది, వాసనా మొదలవుతుంది.

ఇక డ్రమ్ము. పనిచేస్తుంది, షరతులున్నాయి. 20 లీటర్ల పెయింటు బకెట్టు, మూతలో రబ్బరు రింగు ఉన్నది వెతకండి. నీళ్లలో కలిపే గోడ రంగుదే తీసుకోండి. ఎనామిల్ రంగుదీ, పురుగుమందుదీ, కెమికల్ కంపెనీల నుంచి వచ్చే నీలం డ్రమ్ములూ ఎంత కడిగినా వద్దు. నీళ్లు పోసి మూత బిగించి పది నిమిషాలు తలకిందులుగా పెట్టి చూడండి, చుక్క కారకూడదు. కిలో బట్టలకి 7 లీటర్ల నీళ్లు, ఒకటిన్నర చెంచా లిక్విడ్. బకెట్టు మూడింట రెండు వంతులు దాటి నిండకూడదు. పైన ఖాళీ లేకపోతే బట్ట కదలదు, కదలకపోతే అది నానడమే, ఉతుకుడు కాదు. ముందు సీటు వెనక నేల మీద పెట్టి రెండు వైపులా బెల్టుతో కట్టండి. ఎనిమిది కిలోల పైచిలుకు బరువు అది, గట్టిగా బ్రేకు వేస్తే పాప మీదకి రాకూడదు. ఎండలో బండి ఆపి ఉంచారంటే మూత ఉబ్బుతుంది. తెరిచేటప్పుడు మొహం పక్కకి పెట్టి మెల్లగా వదులు చేయండి.

రంగు దిగే బట్టలు డ్రమ్ములో వద్దు. లోపలి కుట్టు దగ్గర తడి చేసి తెల్లగుడ్డతో రుద్దితే ఏది దిగుతుందో తెలిసిపోతుంది.


సాలూరు_ఘాట్:

అక్కా, పై ఆయన చెప్పిన లెక్కలన్నీ రైటే గానీ డ్రమ్ము మీద మరీ ఆశ పెట్టుకోకండి. మీరు వెళ్లే దారిలో సగం పదహారో నంబరు హైవే. భోగాపురం నుంచి ఇచ్ఛాపురం దాకా బండి జారుకుంటూ పోద్ది, డ్రమ్ములో బట్ట మెల్లగా ఊగుతాది, అంతే. అక్కడ ఏటీ ఉతకదు. పాతపట్నం, పాలకొండ వైపు ఊళ్ల రోడ్ల మీదా, సాలూరు దాటి ఒడిశా వైపు సుంకి ఘాటెక్కితే అక్కడా బాగా పనిచేస్తాది. హైవే రోజుల్లో చేత్తోనే.

దానికి కొత్త ప్లంజరు ఒకటి కొనండి. సింకు పూడిపోతే కొడతారు చూడండి, కర్రకి రబ్బరు గిన్నె ఉంటాది, అది. రబ్బరుకి చిటికెనవేలు పట్టేంత కన్నాలు నాలుగైదు పెట్టండి. కన్నం లేకపోతే గాలి పట్టేసి చెయ్యి లాగేస్తాది, నీళ్లు పైకి చిమ్ముతాయి. అదే పెయింటు బకెట్టులో వేసి 70, 80 సార్లు నొక్కండి, అయిదు నిమిషాలు వదిలేయండి, మళ్లీ 50 సార్లు. నడుం వంచక్కర్లేదు, చేతులు సబ్బులో నానవు. జాడించడానికీ అదే.

పిండటం గురించి. లుంగీ, తుండు, చీర లాంటివి బండి వెనక నిచ్చెన కమ్మీకి ఉరి వేసినట్టు తగిలించి, రెండు కొసలూ కలిపి ఒకే వైపుకి మెలి తిప్పండి. కింద బకెట్టు పెడితే ఆ నీళ్లూ దక్కుతాయి. చేత్తో పిండిన తుండు ఇలా తిప్పితే ఇంకో గ్లాసుడు నీళ్లు దిగుతాయి. ముందు కమ్మీ తుడవండి, తుప్పు ఉంటే పాత గుడ్డ చుట్టండి. టీ షర్టులు, సాగే బట్టలు, లోదుస్తులు మెలి పెట్టొద్దు, సాగిపోతాయి. వాటిని పొడి తుండు మీద పరిచి, చాపలా చుట్టి, పైన మోకాలితో అదమండి. తడి తుండులోకి పోద్ది. తుండు ఎండలో అరగంటలో ఆరిపోద్ది.

ఆ మాట మీదే ఇంకోటి. బొచ్చు తువ్వాళ్లు ఇంట్లో ఒగ్గేయండి. ఒక్కోటి రెండు మూడు తుండ్ల నీళ్లు తాగుతాది, మబ్బు రోజున ఆరదు. ముగ్గురికీ ఆరు పల్చటి నూలు తుండ్లు చాలు. జీన్సు కూడా అంతే, ఒకటి కట్టుకుంటే చాలు, దాన్ని దారిలో ఉతకొద్దు.

తాడు: 4 మిల్లీమీటర్ల నైలాను తాడు 10 మీటర్లు కొని సగానికి మడిచి పురి పెట్టండి. పురి మధ్యలోకి బట్ట మూల దూరిస్తే క్లిప్పులు లేకుండానే గాలికి నిలబడతాది. ఇనప తీగ వద్దు. తడిబట్ట మీద తుప్పు గీత పడితే పోదు. దానికంటే పెద్ద సంగతి, బట్టలారేసే ఇనప తీగ ఎక్కడో కరెంటు వైరుకి తగిలి మనుషులు పోవడం మన జిల్లాల్లో కొత్త కాదు. తాడైనా సరే, కరెంటు స్తంభానికీ, దాన్ని నేలకి బిగించే స్టే వైరుకీ కట్టకండి. చెట్టు కావాలంటే తీరం పొడుగునా సరుగుడు తోటలున్నాయి, కొబ్బరి ఉంది, తోట మనిషిని ఒక్క మాట అడిగి కట్టుకోండి. కొబ్బరికి కడితే బండి చెట్టు కింద ఆపకండి, కాయ పడితే అద్దం పోద్ది. పలాస, ఉద్దానం వైపు జీడిచెట్టుకి మాత్రం వద్దు. ఎర్రచీమలుంటాయి, జిగురు కారతాది. జీడిపండు రసం గానీ పిక్క మీది నూనె గానీ బట్టకి అంటితే ఆ మచ్చ బట్టతోనే పోవాలి.

బండి నడుస్తుండగా బయట ఏదీ వేలాడకూడదు. దుమ్మూ, ముందు లారీ పొగా పడతాయి, అది చిన్న సంగతి. హైవే మీద ఎగిరిన తుండు వెనక బైకు మీద వచ్చేవాడి మొహానికి చుట్టుకుంటే మనిషి పోతాడు. లోపల కట్టినా డ్రైవరుకి అద్దాలకి అడ్డం రాకూడదు.

మరకల గురించి మూడు ముక్కలు. గ్రీజు, ఇంజిన్ ఆయిలు: నీళ్లు తగలకముందే గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు పొడిబట్ట మీద వేసి వేలితో రుద్ది పావుగంట ఉంచండి, అప్పుడు నీళ్లలో వేయండి. ముందు తడిపితే జిడ్డులోకి సబ్బు దిగదు. డీజిలు పడినదాన్ని బయట గాలికి ఆరబెట్టి, విడిగా రెండుసార్లు ఉతకండి, మూత డ్రమ్ములో మిగతావాటితో కలిపితే అన్నిటికీ ఆ వాసనే. పెట్రోలు తడిసిన బట్ట బండి లోపలికే తేవద్దు. మూడోది బ్యాటరీ. దాని దగ్గర బట్ట పెట్టినా, దాని మీద వాలినా యాసిడ్ అంటుతాది. అప్పటికప్పుడు ఏమీ కనపడదు, ఉతికి ఆరేశాక కన్నాలు పడతాయి, సబ్బు తినేసింది అనుకుంటారు. అనుమానమొస్తే వెంటనే తినే సోడా ఒక చెంచా మగ్గు నీళ్లలో కలిపి పోసేయండి.


చంపావతి_వ్యాన్:

చాలా ఉపయోగం. తుండ్లు, ప్లంజరు, నైలాను తాడు రాసుకున్నాను. సముద్రం, ఏటి నీళ్ల సంగతి ఎవరైనా చెప్తారా? బోరు నీళ్లలో ఉతికితే తెల్లవి పసుపురంగు తిరుగుతున్నాయి, అది కూడా.


నీటి_పరీక్ష:

సముద్రపు నీళ్లు ఉతకడానికి వద్దు. సబ్బు బిళ్ల అందులో నురగే రాదు, తెల్లటి జిడ్డు పేరుకుంటుంది. లిక్విడ్ కొంత పనిచేసినా అసలు కష్టం ఆరేటప్పుడు వస్తుంది. సముద్రపు నీళ్లు లీటరుకి దాదాపు 35 గ్రాముల ఉప్పు. పిండిన బట్టల్లో లీటరు మిగిలితే నీరు పోయినా 35 గ్రాముల ఉప్పు బట్టలోనే ఉంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు తనంతట తాను తడి లాక్కుంటుంది. ఈ తీరంలో రాత్రిళ్లు తేమ దాన్ని దాటడం మామూలే. అందుకే పగలు ఆరినట్టే ఉన్న బట్ట రాత్రికి మళ్లీ చెమ్మగిల్లుతుంది, ఒంటికి గరగరలాడుతుంది, తొడల దగ్గర ఒరుసుకుంటుంది. స్నానానికి వెళ్లొచ్చిన బట్టల్ని ఇసుక దులపడానికి సముద్రంలో జాడించండి, దానికి పర్వాలేదు. తర్వాత మంచినీళ్లలో రెండుసార్లు తప్పదు. మంచినీళ్లలో ఉతికినవి కూడా అలల ముందు ఆరేస్తే ఉప్పుగాలి పట్టేస్తుంది. బారువలో గానీ కళింగపట్నంలో గానీ ఒడ్డు నుంచి వెనక్కి వచ్చి, వ్యాను మరుగున సముద్రానికి అవతలి పక్క తాడు కట్టండి.

నాగావళి, వంశధార నీళ్లు ఉతకడానికి మంచివే, ఉప్పు లేదు. పట్టణాల దిగువన మాత్రం వద్దు, మురుగు కలుస్తుంది. ఇసుక మేటలున్న చోట చెలమ తవ్వండి. మోచేతి లోతు తవ్వి, మొదట ఊరిన మట్టినీళ్లు రెండు మూడుసార్లు తోడి పారబోస్తే తర్వాత తేటగా ఊరుతుంది. మగ్గుతో మెల్లగా తోడుకోవాలి. నీళ్లు బురదగా ఉంటే 20 లీటర్ల క్యానుకి పెద్ద శనగగింజంత పటిక, అంటే సుమారు గ్రాము, కలిపి కాసేపు తిప్పి గంట కదపకుండా ఉంచితే మడ్డి అడుక్కి దిగుతుంది. పైనుంచి వంపుకోండి.

ఒక హెచ్చరిక. ఈ రెండు నదులూ ఒడిశా కొండల్లో పుట్టి వస్తాయి. ఇక్కడ ఆకాశం నీలంగా ఉన్నా పైన వాన పడితే నీళ్లు పెరుగుతాయి. తోటపల్లి, గొట్టా బ్యారేజీల నుంచి వదిలినా అంతే. కార్తీకం అంటే తుపాన్ల రోజులు కూడా. 2018లో తిత్లీ అక్టోబరులోనే వచ్చింది. ఇసుక మేట మీద వ్యాను ఆపి రాత్రి పడుకోవద్దు.

సబ్బునీళ్లు ఏట్లో గానీ చెరువులో గానీ పోయకండి. నీళ్లు తోడి తెచ్చుకుని కనీసం 200 అడుగుల అవతల ఉతికి, ఆ మురికినీళ్లు గడ్డి పెరిగే పొడినేల మీద పరుచుకునేలా చల్లండి. మట్టి పొర ఆ సబ్బుని చాలావరకూ పట్టేసుకుంటుంది. చాకలి సోడా కలిపిన నీళ్లు మాత్రం కూరగాయల మడుల్లో వద్దు, సోడియం నేలని గట్టిపరుస్తుంది. బావి, బోరింగు దగ్గర అసలే వద్దు.

ఇక పసుపు. బోరు కొట్టినప్పుడు నీళ్లు తేటగా ఉండి, బకెట్టులో కాసేపు ఉంచాక ఎర్రగా మారుతున్నాయా? అయితే అందులో ఇనుము కరిగి ఉంది. గాలి తగలగానే తుప్పుగా మారి బట్టకి పడుతుంది. అలాంటి నీళ్లని సాయంత్రం పట్టి, ఒక బకెట్టు నుంచి ఇంకో బకెట్టుకి ఎత్తు నుంచి నాలుగైదుసార్లు పోసి, రాత్రంతా ఉంచి పైనీళ్లు వాడుకోండి. తెల్లబడాలని బ్లీచింగ్ వేయకూడదు. అది కరిగిన ఇనుమునంతా ఒక్కసారి తుప్పు చేసి బట్టలోనే దింపుతుంది. ఇప్పటికే పడిన మచ్చకి నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో గంట ఉంచి మంచినీళ్లతో కడగండి, కొత్త మచ్చ అయితే చాలావరకూ పోతుంది. నిమ్మరసం, వెనిగర్ లాంటి పులుపు ఏదీ బ్లీచింగ్‌తో కలవకూడదు. క్లోరిన్ వాయువు పుడుతుంది, మూసిన వ్యాన్‌లో అది ప్రాణం మీదకి తెస్తుంది.

నీళ్లు గట్టివైతే, అంటే సబ్బు విరిగిపోయినట్టు తెల్లగా తేలితే, 5 లీటర్లకి ఒక టీ చెంచా చాకలి సోడా ముందు కరిగించి తర్వాత సబ్బు వేయండి. పట్టుకీ ఉన్నికీ సోడా పనికిరాదు. వేసినప్పుడు చేతికి తొడుగు ఉంటే మంచిది.


చిన్నబజారు_ఇస్త్రీ:

ఆరబెట్టడం గురించి అడిగారు, అదే అసలు ప్రశ్న. మిగతావన్నీ దానికి ముందు పనులు.

వ్యాన్‌లో బట్టలు ఎందుకు ఆరవంటే, గాలి పట్టగలిగే నీళ్లకి హద్దుంది. 28 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి మహా అయితే 27 గ్రాముల ఆవిరి మోస్తుంది. కార్తీకంలో తీరం దగ్గర తేమ 80 శాతం ఉందనుకుంటే ఇంకా 5 గ్రాములకే చోటుంది. మీ బండి లోపల 10 ఘనపు మీటర్ల గాలి ఉంటే మొత్తం కలిపి 50 గ్రాముల పైచిలుకు. బట్టల్లో లీటరు నీళ్లుంటే, అవి ఆరాలంటే ఆ గాలి దాదాపు 20 సార్లు పూర్తిగా మారాలి. కిటికీలు మూసుకుని పడుకుంటే ఒక్కసారీ మారదు. ఆ ఆవిరే తెల్లారి అద్దాల మీద, రేకు మీద, పరుపు అడుగున నీళ్లై కనిపిస్తుంది.

కాబట్టి ఉతుకుడు ఉదయమే పెట్టుకోండి. ఏడింటికల్లా తాడు మీద పడితే పల్చటివి పదింటికి ఆరతాయి, మిగతావి మధ్యాహ్నానికి. సాయంత్రం నాలుగున్నరకి తాడు ఖాళీ చేసేయాలి. కార్తీకంలో పొద్దు వాలగానే మంచు మొదలవుతుంది. ఆరిన బట్ట బయట ఉంటే మళ్లీ తడుస్తుంది. పార్వతీపురం, సాలూరు వైపు మంచు ఇంకా ఎక్కువ.

బండి కదలాల్సిన రోజున సగం ఆరినవాటిని వెనక లోపలే తాడు మీద వేసి, ముందు కిటికీ ఒకటి, దానికి ఎదురు మూల వెనక కిటికీ ఒకటి నాలుగు వేళ్ల మందం దించండి. నడుస్తున్నంతసేపూ గాలి అడ్డంగా కోసుకుంటూ పోతుంది. కిటికీలు మూసి ఏసీ వేస్తే అదీ మంచిదే. ఏసీ గాలిలోంచి నీళ్లు తీసి కిందకి కారుస్తుంది. అప్పుడు బయటి గాలి మీట మూసి లోపలి గాలే తిరిగేలా పెట్టండి. ఎండలో ఆపినప్పుడు అద్దాలు కాస్త దించి డ్యాష్‌బోర్డు మీద లోదుస్తులు పరిస్తే చకచకా ఆరతాయి. సైలెన్సరు దగ్గర, ఇంజిన్ మూత మీద ఎప్పుడూ వేయకండి, అంటుకుంటుంది.

రాత్రి తప్పదు అనుకుంటే, ఎదురెదురు కిటికీలకి దోమతెర బిగించి తెరిచే ఉంచి, 12 వోల్టుల చిన్న ఫ్యాను బట్టల వైపు కాకుండా బట్టల పక్కగా బయటకి ఊదేలా పెట్టండి. అర ఆంపియరు ఫ్యాను ఎనిమిది గంటలకి 4 ఆంపియర్-అవర్లు తింటుంది, వేరే బ్యాటరీ ఉంటే లెక్కలోకి రాదు. బట్టకీ బట్టకీ అరచేయి వెడల్పు ఎడం ఉండాలి. షర్టు రెండు పొరలూ అంటుకోకుండా హ్యాంగరు వేయండి. బొత్తాలు తీసి, జేబులు బయటికి తిప్పండి.

మగ్గిన వాసన వచ్చిందంటే అది సబ్బు తక్కువై కాదు, తడిలో సూక్ష్మజీవులు పెరిగి. మంచి వాసన కోసం ఆఖర్లో కలిపే లిక్విడ్ (ఫ్యాబ్రిక్ కండిషనర్) పోస్తే తగ్గదు, ఆ జిగురు వాటికే ఆసరా. వేడినీళ్లే మందు. థర్మామీటరు అక్కర్లేదు: మరుగుతున్న నీళ్లు ఒక వంతు, మామూలు నీళ్లు ఒక వంతు కలిపితే 60 డిగ్రీలు దాటుతుంది. 5 లీటర్లకి అయ్యే గ్యాసు 25, 30 గ్రాములు. అరచెంచా చాకలి సోడా కలిపి అరగంట నానబెట్టి, జాడించి, మండుటెండలో వేయండి. లోదుస్తులు, సాక్సులు, కట్టుకుని పడుకునే తుండ్లు వారానికోసారి ఇలా చేయాలి. తామర పుట్టించే శిలీంధ్రం చల్లనీళ్లకీ సబ్బుకీ చావదు, 60 డిగ్రీలకి చస్తుంది. ఇంట్లో ఒకరికి గజ్జల్లో దురద ఉంటే వాళ్లవి వేరే బకెట్టులో ఉతకండి. చెమ్మ ఆరని లోదుస్తు మాత్రం ఎవరూ తొడుక్కోవద్దు, ఒంటి వేడికి ఆరిపోతుందిలే అనుకోవడమే ఆ జబ్బుకి దారి.

పాప బట్టల మీద నెత్తురు మరకలుంటే ముందు చల్లనీళ్లే. వేడి తగిలితే మరక బిగుసుకుపోతుంది. ఎర్రమట్టి పడితే తడి మీద రుద్దకండి. పూర్తిగా ఆరనిచ్చి, దులిపి, బ్రష్షుతో గీసి, అప్పుడు నీళ్లు. సగం మట్టి నీళ్లు ఖర్చు కాకుండానే పోతుంది.


చంపావతి_వ్యాన్:

ఆఖరి రెండు. దుప్పట్లు, బొంతలు ఏం చేయాలి? మా ఆయన పొందూరు ఖద్దరు చొక్కాలే కట్టుకుంటారు, అవి ఈ ప్లంజరు పద్ధతికి తట్టుకుంటాయా?


చిన్నబజారు_ఇస్త్రీ:

దుప్పట్లు వ్యాన్‌లో ఉతకొద్దు. ఒక్క రెండు పడకల దుప్పటి మీ రోజు నీళ్లన్నీ తాగేస్తుంది, ఆరడానికి తాడంతా కావాలి. పరుపు మీద పల్చటి నూలు పంచె పరుచుకుని దాన్ని ఉతుక్కోండి. దుప్పటికి రోజూ ఎండ చూపిస్తే చాలు. శ్రీకాకుళంలో దిగినప్పుడోసారి, పార్వతీపురంలోనో బొబ్బిలిలోనో ఇంకోసారి లాండ్రీలో ఇచ్చేయండి. పొద్దున్న ఇస్తే సాయంత్రానికి కావాలని ముందే అడగండి, మబ్బుగా ఉంటే మర్నాడే ఇవ్వగలరు. రేవులో ఉతికే రజకులు దొరికితే పీసు లెక్కన మాట్లాడుకోండి, నిచ్చెన కమ్మీకి మెలిపెట్టిన దానికంటే వాళ్ల చేతి పిండుడు గట్టిది.

పొందూరు సన్న నూలుకి ప్లంజరూ వద్దు, డ్రమ్మూ వద్దు, మెలి అసలే వద్దు. కొత్తదైతే మొదటిసారి ఒక్కదాన్నే చల్లనీళ్లలో పది నిమిషాలు ఉంచండి. తర్వాత నుంచి 3 లీటర్ల నీళ్లు, అరచెంచా లిక్విడ్, అరచేతుల మధ్య అదుముతూ ఐదు నిమిషాలు. బ్రష్షు మెడపట్టీ మీద కూడా వద్దు, వేలితో సబ్బు రాసి నలపండి. తుండులో చుట్టి అదిమి, రంగుదైతే నీడలో, తెల్లదైతే ఎండలో హ్యాంగరుకి వేయండి. దారిలో గంజి పెట్టకండి, ఈ తేమలో గంజి బట్టకి బూజు పడుతుంది. కాస్త తడి ఉండగానే చేత్తో మడతలు లాగి సరిచేస్తే ఇస్త్రీ లేకుండా నడిచిపోతుంది.


సాలూరు_ఘాట్:

అక్కా, ఒకటి మర్చిపోయాను. నీళ్లు పట్టుకోడానికి హైవే పక్క లారీలు ఆగే ధాబాల్లో స్నానాల తొట్టి ఉంటాది. టిఫినో భోజనమో చేసి అడిగితే కాదనరు, కానీ తొట్టిలో చెయ్యి పెట్టకుండా మగ్గుతో తోడుకోండి, పక్కకి వచ్చి ఉతుక్కోండి. పెట్రోలు బంకుల్లో తాగేనీళ్ల కుళాయి దగ్గర బట్టలు ఉతకొద్దు, క్యాను నింపుకుని కదలండి. ఇచ్ఛాపురం వైపు వెళ్లేటప్పుడు శ్రీకాకుళంలోనే ట్యాంకు నింపేసుకోండి. అక్కడి నుంచి తీరం దారిలో దొరికే బోర్లలో కొన్ని ఉప్పగా ఉంటాయి. నాలిక మీద చుక్క వేసుకుని చూసి, ఉప్పగా ఉంటే ఆ నీళ్లు మొదటి ఉతుకుడుకి వాడి, ట్యాంకు నీళ్లు ఆఖరి జాడింపుకి దాచుకోండి.